చందా బెల్లం

డెబ్బై ఏడు పార్లమెంటు ఎన్నికలు. నర్సింహులపేట దాటి తండా మలుపులో లచ్చిరాం సైకిలు వస్తోంది. ఒక చేతిలో హ్యాండిలు, మరో చేతిలో రేకు భోంగా.

"అన్నలారా, అక్కలారా! మన ఓటు నిచ్చెన గుర్తుకే..."

అంతే. సైకిలు పోయిపోయి బండమీద ఆరబోసిన మిరపకాయల్లో దిగబడింది. మిగతా నినాదం తుమ్ముల్లో కొట్టుకుపోయింది. భోంగాలో తుమ్మితే తండా అంతా వినబడుతుంది.

"ఓ నిచ్చెన సారూ! ఎక్కెతందుకు మా మిరపకాయలే దొరికినయా?"

చేట పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. ఆమె రవికె అద్దాలు ఎండకు తళుక్కుమని అతని కళ్లలో పడ్డాయి. కళ్లనీళ్లు మిరపఘాటుకు వచ్చాయో, ఆ తళుకుకు వచ్చాయో లచ్చిరాంకే తెలియలేదు.

"తప్పయింది... హాఛ్... సూస్కోలె."

"దారి సూడనోడివి దేశాన్నేం సూస్తవ్?"

"నేను గాదు, మా క్యాండిడేటు సూస్తడు."

"ఆయనకన్న కండ్లున్నయా? కూసో. చెదిరిన కాయలన్నీ ఏరినంకనే పోవుడు."

ఆమె రుక్కి, తండా నాయక్ జర్పుల టీక్యా బిడ్డ. లచ్చిరాం కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

"పొద్దుగాల జీపు పార్టోళ్లు ఒచ్చిండ్రు. సీరలు పంచిండ్రు. మీరేం పంచుతరు?"

"ఏం పంచం. ఓటు అమ్ముకోవద్దని చెప్పెతందుకే ఒచ్చిన."

"మరి గా సంచిల ఏముంది?"

"బెల్లం. జనగామ నర్సయ్య సేటు జీపు పార్టీకి నోట్లిచ్చిండు, మా పార్టీకి బెల్లమిచ్చిండు. గదే మా చందా. జీపుకు పెట్రోలు, నాకు బెల్లం."

రుక్కి పక్కున నవ్వింది. ఆ నవ్వు మళ్లీ వినాలనిపించి లచ్చిరాం ఏరిన కాయల్ని మెల్లగా బండమీద ఒంపి, మళ్లీ మొదటినుంచి ఏరాడు.

"నేను సూస్తనే ఉన్న" అంది రుక్కి.

అక్కడి నుంచి నాయక్ ఇంటికి వెళ్లాడు. పందిరి కింద టీక్యా, నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు.

"ఎవలింటి పిల్లగానివి బిడ్డా?"

"జనగామ. భూక్యా బీక్యా కొడుకును."

పెద్దలు ఒకరినొకరు చూసుకుని మీసాలు సర్దుకున్నారు. లోపలినుంచి నాయక్ భార్య మోతీబాయి పరుగున నీళ్లు తెచ్చింది. లచ్చిరాం పుట్టింది ఇంకో తండాలోనే కానీ పెరిగింది జనగామలో, నర్సయ్య సేటు నూనె మిల్లులో మూటలు మోసే తండ్రి దగ్గర, హాస్టల్లో. తండా మాట వచ్చు, తండా పద్ధతులు రావు. ఇచ్చిన నీళ్లు ఉత్తచేతులతో తాగడం బాగుండదని సంచిలోంచి బెల్లం ముద్ద తీసి నాయక్ చేతిలో పెట్టాడు.

టీక్యా దాన్ని కళ్లకద్దుకుని, విరిచి, నలుగురికీ పంచాడు. తిన్నారో లేదో ఇంట్లో ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఓటర్లలో ఇంత హుషారు లచ్చిరాం ఏ ఊళ్లోనూ చూడలేదు. మురిసిపోయి రెండో ముద్ద కూడా తీశాడు.

"ఆగు!" చేటతో పరుగెత్తుకొచ్చిన రుక్కి అతన్ని గోడపక్కకు లాగింది. "ఏం జేసినవో ఎర్కేనా? పిల్లగాని బెల్లం పెద్దలు తింటె పిల్ల ఖాయమైనట్టే!"

లచ్చిరాం గుండె భోంగా కంటే గట్టిగా మోగింది. నోరు మూసుకుంటే చాలు, ఈ పిల్ల తనదే. కానీ బెల్లం తనది కాదు. పైగా, ఈ పిల్లను ఒక్కమాట అడగలేదు.

పందిరి కిందికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"నాయక్ బాపు, తప్పయింది. గది పార్టీ చందా బెల్లం. దాంతోని పిల్లనడుగుడు న్యాయం గాదు."

పాట ఆగిపోయింది. టీక్యా కర్ర పట్టుకుని లేచాడు.

"మీ నాయిన కబురు పంపిండు కద, నా కొడుకొస్తడని! తమాషా జేస్తున్నవా? రేపు నా బిడ్డను ఎవడడుగుతడు?"

"నాకు ఎర్క లేదు బాపు. ఎలచ్చన్లయ్యేదాక పెండ్లి ముచ్చటొద్దన్న. మా నాయిన నాకు చెప్పకుంటనే కబురు పంపినట్టున్నడు." లచ్చిరాం సంచి మూతి బిగించాడు. "మూడొద్దులు టైమియ్యి. నా కష్టం బెల్లం తెస్త. నీ బిడ్డకు ఇష్టమైతెనే."

అందరూ రుక్కి వైపు తిరిగారు. ఆమె చేటలోని కాయలు చూస్తూ అంది.

"జీపుల రావద్దు. సైకిలు మీదనే రావాలె."

మరుసటి రోజు తండ్రి పక్కన మూటలు మోసి, కూలీకి బదులు నర్సయ్య దగ్గర బెల్లం ముద్ద అడిగాడు లచ్చిరాం. "ఇది ఏ పార్టీకిరా?" అన్నాడు సేటు. "నాకే" అన్నాడు.

మూడో నాడు సాయంత్రం సైకిలు మిరపకాయలకు ఆమడ దూరంలోనే ఆగింది. క్యారియర్ మీద బీక్యా, కొత్త రుమాలు చుట్టుకుని ఉన్నాడు.

"భోంగ ఏది?" అంది రుక్కి.

"పార్టీది. ఇయ్యాల నేను నా పని మీదొచ్చిన."

పెద్దలు కూర్చున్నారు. టీక్యా ముద్ద విరవబోయేలోగా రుక్కి చెయ్యి చాచి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. పెద్దలకంటే ముందు పిల్ల తినడం ఆ తండాలో ఎవరూ చూడలేదు. మోతీబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తియ్యగనే ఉంది బాపు. ఇగ మీరు తినుండ్రి."

పాట మళ్లీ మొదలైంది. ఆ సందడిలో లచ్చిరాం ఆమె పక్కకు జరిగాడు.

"మరి నీ ఓటు నిచ్చెనకే కద?"

ఆ రోజుల్లో ఓటుకు ఇరవై ఒకటి నిండాలి.

"నాకు పంతొమ్మిదే" అంది రుక్కి, నవ్వు ఆపుకుంటూ. "ఓటు లేనిదాని ముంగట కూసోని గన్ని మిరపకాయలు ఏరితివి. మీ పార్టీ ఎట్ల గెలుస్తది?"