అయిదు పడవల మౌనం

బుధవారం ఉదయం దీనమ్మ గారి ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పేరు వినీలండి. ఇంజనీరింగు కాలేజీలో లెక్చరర్ని. రేపు సాయంత్రంలోగా మీరు సాయం చెయ్యకపోతే నా రెండేళ్ల పని సముద్రంలో పారేస్తారు. మాటవరసకి కాదండి, నిజంగానే పారేస్తారు."

దీనమ్మ నిడదవోలు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక నరసాపురంలో డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచింది. ఎదుటివాళ్లు చెప్పింది ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినడంలో ఆమెని మించినవాళ్లు ఉభయ గోదావరి జిల్లాల్లో లేరని ఆమె సహాయకుడు చిట్టియ్య నమ్మకం. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్.

చిట్టియ్య ఇచ్చిన మంచినీళ్లు తాగి వినీల సంగతి చెప్పింది. మొగల్తూరు దగ్గరి ఒక తీర గ్రామంలో పన్నెండు పడవలకి ఆమె చిన్న రేడియో పెట్టెలు అమర్చింది. ఒక్కో పెట్టె కబురు నాలుగు కిలోమీటర్ల వరకే వినిపిస్తుంది. లోతు సముద్రంలో ఫోన్లు పలకవు కాబట్టి, దూరపు పడవ కబురు దగ్గర పడవకి, అక్కణ్ణించి మరోదానికి, అలా చేతులు మారి తుఫాను షెల్టర్ మీది స్తంభానికి చేరుతుంది.

"చేపల వెంట పోయే పడవలు ఎక్కడుంటాయో ఎవరు చెప్పగలరండి? అందుకే ముందుగా కంప్యూటర్లో పన్నెండు చుక్కలు ఎలా పడితే అలా చల్లాను. నాలుగు కిలోమీటర్ల లోపున్న చుక్కల్ని గీతలతో కలిపాను. పదివేలసార్లు చల్లితే, నూటికి తొంభైసార్లు అన్నీ కలిశాయి."

"మిగతా పదిసార్లు?"

"ఎక్కడో మూల ఒక్క చుక్క ఒంటరిగా మిగిలిపోతుంది. దాదాపు ఎప్పుడూ అంతేనండి."

"మరి నిన్నేం జరిగింది?"

"పొద్దున పదింటికి అయిదు పడవలు ఒకేసారి మూగబోయాయండి. గంటన్నర పాటు! ఆడవాళ్లు ఒడ్డున ఏడుపులు. అందరూ క్షేమంగానే వచ్చారు. కానీ మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు వెంకటరమణ గారు పెట్టెలన్నీ పీకెయ్యాలని రేపు మీటింగు పెట్టారు. ఎవరో కావాలనే చేశారని నా అనుమానం."

"ఆ ప్రెసిడెంటేనేమో?" అన్నాడు చిట్టియ్య.

"ఆయన పెట్టె ఒక్క నిమిషం ఆగలేదండి. ఆ గంటన్నరా కబుర్లు పంపుతూనే ఉంది."

పెట్టెల కబుర్లు నమోదైన కంప్యూటర్ కాగితాన్ని వినీల చేతిలోంచి దీనమ్మ అందుకుంది. "ఈ చివరి అంకెలేంటమ్మా?"

"కబురు ఎన్ని అంచెల్లో ఒడ్డుకి చేరిందో చెప్పే అంకెలండి."

చిట్టియ్య వంగి చదివాడు. "దుర్గాసాయి పడవకి సోమవారం నాలుగు, నిన్న పదింటికి ఏమీ లేదు. వెంకటరమణ పడవకి సోమవారం మూడు, నిన్న ఒకటి."

దీనమ్మ చెప్పులు వేసుకుంది. "పదండి, ఆ ఊరు చూసొద్దాం."

మూగబోయిన అయిదుగురిలో దుర్గాసాయి ఒకడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు.

"మా అయిదుగురికీ ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడుతూనే ఉందండి. ఒడ్డుకే అందలేదు."

"మీకూ ఒడ్డుకీ మధ్య ఎవరుంటారు?"

"వెంకటరమణ బాబాయండి. నిన్న కూడా అక్కడే ఉన్నానన్నాడు."

వెంకటరమణ ఇంట్లో ఆయన భార్య లోవలక్ష్మి టీ ఇచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

"మా అమ్మాయి బేబీ తణుకులో కబడ్డీ ఫైనల్ ఆడిందండి నిన్న. గెలిచామని ఒక్క ముక్క ఫోన్ చేసింది, అంతే. ఇంకా ఇంటికి రాలేదు."

"ఆడపిల్లకి కబడ్డీ ఏంటండీ," వెంకటరమణ విసుక్కున్నాడు. "వద్దన్నా చేరింది. ఆర్నెల్లుగా దాంతో మాటల్లేవు. గెలిస్తే మాత్రం ఏంటి? మూడు పాయింట్ల తేడా. అదీ చివరి కూతలో."

"నిన్న పదింటికి మీరెక్కడున్నారండి?"

"నా చోటే ఉన్నానండి. పెట్టె ఆపలేదు. కావాలంటే కాగితం చూసుకోండి."

"చూశానండి," అంది దీనమ్మ మర్యాదగా.

గురువారం సాయంత్రం షెల్టర్ హాలు నిండిపోయింది. ఆ మధ్యాహ్నమే వచ్చిన బేబీ తల్లి పక్కన కూర్చుంది. దీనమ్మ నేల మీద పన్నెండు గవ్వలు పేర్చి, దగ్గరున్నవాటిని దారాలతో కలిపింది.

"ఖర్మకాలి తెగితే సాధారణంగా ఒక్క పడవ తప్పిపోతుంది. అయిదు కలిసి తప్పిపోయాయంటే, వాటికీ ఒడ్డుకీ మధ్య వంతెనలాంటి పడవ పక్కకి తప్పుకుందన్నమాట." మధ్యలో ఉన్న గవ్వని ఒడ్డు వైపు జరిపింది. దారాలు జారిపోయి అయిదు గవ్వలు విడిగా మిగిలాయి. "ఈ పడవ కబురు రోజూ మూడంచెల్లో వస్తుంది. మంగళవారం ఒక్క అంచెలో, నేరుగా వచ్చింది. అంటే పెట్టె ఆగలేదు, పడవే ఒడ్డుకి నాలుగు కిలోమీటర్ల లోపుకి వచ్చేసింది. అక్కడ ఫోన్ పలుకుతుంది. వెంకటరమణ గారూ, కూతురితో మాటల్లేని మీకు మూడు పాయింట్ల సంగతి, చివరి కూత సంగతి ఎవరు చెప్పారండి?"

హాలంతా ఆయన వైపు తిరిగింది. వెంకటరమణ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదండి. ఫోన్లో లైవ్ చూశాను," అన్నాడు మెల్లగా. "అంతమంది ముందు వద్దన్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని తణుకు వెళ్లను? నేను కదిలితే వీళ్లకి దారి తెగుతుందని తెలీదండి. తెలిశాక, ఆ కాగితం ఎవరైనా చదివితే పరువు పోతుందని పెట్టెలు పీకించేద్దామనుకున్నాను. తప్పు నాది. పెట్టెలది కాదు."

"గంటన్నర ఏడిపించావు కదా బాబాయ్!" దుర్గాసాయి భార్య వీరవేణి లేచి అరిచింది. అరుస్తూనే ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు హాలంతా పాకింది.

మధ్యలో ఇంకో రెండు పడవలకి పెట్టెలు పెడితే ఒకళ్లు కదిలినా దారి తెగదని వినీల చెప్పింది. ఉంచాలా వద్దా అని అడిగితే మొదట చెయ్యెత్తింది వెంకటరమణే. వెనకే అన్ని చేతులూ లేచాయి. వినీల కళ్లు తుడుచుకుని దీనమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకు ఒక్క ముక్కా తట్టలేదండి," అన్నాడు చిట్టియ్య ఆనందంగా.

బేబీ లేచి తండ్రి ముందుకొచ్చింది.

"చివర్లో నన్ను నలుగురు పట్టేశారు కదా," అంది. "నా చెయ్యి మధ్య గీతకి తగల్లేదని ఓడినవాళ్లు ఇంకా గొడవ చేస్తున్నారు నాన్నా."

"తగల్లేదా?" వెంకటరమణ లుంగీ ఎగ్గట్టి, గవ్వలన్నీ చెదిరిపోయేలా నేల మీద బోర్లా పడి చెయ్యి చాపాడు. "ఇదిగో, ఇలాగే! రెండు వేళ్లు తగిలాయి. నా కళ్లతో చూశాను. ఎవడంటాడో రమ్మను!"