పై వ్యూ పాయింటులో పిలుపు

ద్వారకా తిరుమల దాటాక ఒక కొండ పార్కు ఉంది. నడక దారులు, రెండు చిన్న గుళ్లు, ఇనప రెయిలింగులతో వ్యూ పాయింట్లు. అన్నిటికంటే పైనున్న వ్యూ పాయింటుకే చెడ్డపేరు. పొద్దుగూకాక అక్కడ ఎవరో పిలుస్తారట. పలికితే... ఆ గొంతు వెంటపడుతుందట. గుడి ముందు కొబ్బరికాయలమ్మే ఆవిడ పైకెళ్లే ప్రతివాళ్లకీ చెబుతుంది— "పిలిచినా పలక్కండి బాబూ!"

నేను నమ్మను. లిడియా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

లిడియాది కొల్లేటికోట. మండవల్లిలో చేపల చెరువులకు కాపలా కాసే సాల్మన్‌నే చేసుకుంటానంది. వాళ్ల నాన్న యోసేపు ససేమిరా అన్నాడు. ఆయనా ఒకప్పుడు చెరువు కాపలాదారే. రాత్రి ఒక గట్టు మీంచి "ఓ...హో" అని కేకేస్తే, పక్క గట్టువాడు తిరిగి కేకెయ్యాలి. మెలకువగా ఉన్నాడని గుర్తు.

"ఆ కుర్రాడు పలకడంట, గుర్రు పెడతాడంట. నిద్రమొహానికి నా పిల్లనివ్వను!"

ఓసారి చర్చివాళ్లంతా వ్యాన్లో ఆ పార్కుకి వెళ్లారు. యోసేపు కింద పులిహోర తింటుంటే వీళ్లిద్దరూ పైకి జారుకున్నారు. కబుర్లలో పడి చీకటి చూసుకోలేదు.

"ఇక దిగుదామండీ... కొబ్బరికాయలావిడ చెప్పింది కదా," గుసగుసగా అంది లిడియా.

అప్పుడు— ఎక్కడినుంచో, సన్నగా...

"ఓ...హో..."

సాల్మన్ ఆలోచించలేదు. అలవాటు! కొండ అదిరేలా "ఓహో!" అన్నాడు.

"అయ్యో, పలికారేంటండీ!"

"నోరు దానంతటదే తెరుచుకుంది!"

మళ్లీ కేక... ఈసారి దగ్గరగా. సాల్మన్ మళ్లీ పలికాడు! లిడియాకి భయంతోపాటు నవ్వు తన్నుకొచ్చింది.

మలుపులో ఎండుటాకులు గలగలమన్నాయి. తెల్లటిదేదో... ఊగుతూ... ఒంటికాలి మీద గెంతుతూ...

యోసేపు! పంచె ఎగ్గట్టి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని.

"నిన్ను వెతుక్కుంటూ దారి తప్పానే," అని కూతురితో అని, రొప్పుతూ సాల్మన్‌ని ఎగాదిగా చూశాడు. "ఇలాంటి చోట, ఇంత చీకట్లో, ఠక్కున పలికావే! నిద్రపోతావని చెప్పినవాడి నోరు పడిపోను. వచ్చే నెలే పెళ్లి!"

సాల్మన్ మెలికలు తిరిగిపోయాడు. "మీరు పిలిస్తే పలక్కుండా ఉంటానా మావయ్యగారూ?"

యోసేపు మొహంలో నవ్వు ఆగింది.

"నేనెక్కడ పిలిచానయ్యా? ముందు కేకేసింది నువ్వే. నేను బదులిచ్చాను... అంతే."



వాళ్ల వెనక, రెయిలింగు అవతల, కాలు మోపే చోటే లేని చోట—

"ఓ...హో..."

మామా అల్లుళ్ల నోళ్లు ఒక్కసారే తెరుచుకున్నాయి.

లిడియా చెరో చేత్తో ఆ రెండు నోళ్లూ మూసేసి, వ్యాను దగ్గరికొచ్చేదాకా చేతులు తియ్యలేదట.