నడిసముద్రంలో ఒక్క గీత సిగ్నల్

ఇంటర్నెట్ కౌంటర్ దగ్గర గొడవ ముదిరి పాకానపడే సమయానికి, కౌంటర్ వెనక కూర్చున్న మనిషి చచ్చిపోతున్నాడన్న సంగతి ఎవరికీ తెలియదు.

"ఏమయ్యా, ప్యాకేజీ తీసుకున్నాను కదా! నా మనవరాలి మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోందేం? ముక్కొక చోట, మూతొక చోట!" అంటూ ఒక పెద్దావిడ తన ఫోను అతని కళ్ళలో పెట్టినంత పని చేసింది.

ఓడలో నెట్‌వర్క్ మొత్తానికి దిక్కయిన ఆ ఇంజనీరు జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. తలకాయ కీబోర్డు మీదికి మెల్లగా ఒరిగిపోయింది.

"అయ్యో, నేనేమన్నానమ్మా ఇప్పుడు?" అని పెద్దావిడ గుండెలు బాదుకుంది.

ఆమె వెనకే నిలబడ్డ మనిషి ఒక్క అంగలో కౌంటర్ దాటాడు. టికెట్టు ప్రకారం అతను నీటి మోటార్ల వ్యాపారి, అసలు పని గూఢచర్యం. డిపార్ట్‌మెంట్‌లో మాత్రం గండుచీమ అంటారు. పట్టుకుంటే తెగిపోతాడే తప్ప వదలడని ఆ పేరు. చచ్చిపోతున్న ఇంజనీరు ఈ ఓడలో అతనికున్న ఒకే ఒక్క తోటి గూఢచారి.

గండుచీమ అతని తల ఒళ్ళోకి తీసుకున్నాడు. చెవి వెనక ఎర్రటి చుక్క. సూది పోటు. ఎవడో క్యూలోంచి ఊరికే రాసుకుంటూ పోయినట్టు పోయి పని కానిచ్చేశాడు.

"సాయంత్రం వచ్చే డాక్టరు..." ఇంజనీరు పెదాలు కదిలాయి. "మనవాడు కాదు. మన కోడ్‌లన్నీ వాళ్ళకి తెలిసిపోయాయి. అన్నీ. తలుపు... తీయొద్దని చెప్పు."

అంతే. ప్రాణం పోయింది.

ఓడ వైద్యుడొచ్చి గుండెపోటన్నాడు. జనం అయ్యో పాపమన్నారు. గండుచీమ చేతులు జేబుల్లో పెట్టుకుని డెక్ మీదికి నడిచాడు. 

ఆ తలుపు ఎవరిదో అతనికి తెలుసు.

ఓడ చేరబోయే రేవు పట్నంలో, ఒక మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఒక రసాయన శాస్త్రవేత్త దాక్కుని ఉంది. విషవాయువుకి విరుగుడు కనిపెట్టిన మనిషి. ఆ విరుగుడు బతక్కూడదని విదేశీ ముఠా ఒకటి ఆమె వెంట పడింది. సూర్యుడు దిగే వేళకి ఒక డాక్టరు వచ్చి "మేనత్త మందులు పంపింది" అంటాడు. లోపలున్న కాపలా ఏజెంటు "మామయ్యకి చెప్పే పంపిందా?" అని అడిగి తలుపు తీస్తుంది. శాస్త్రవేత్తని అతనితో పంపేస్తుంది. అదీ ప్లాన్.

ఆ కాపలా ఏజెంటు గండుచీమకి సొంత చెల్లెలు.

ముఠా నాయకుడు ఇదే ఓడలో పళ్ళ డాక్టరు వేషంలో విహరిస్తున్నాడు. వాడి మీద కన్నేసి ఉంచడమే గండుచీమకి అప్పగించిన పని. ఇప్పుడు ఆ పని గంగలో కలిసింది. ఒక్క మెసేజ్ వెళ్ళాలి. తలుపు తీయొద్దని ఒకే ఒక్క ముక్క.

సరిగ్గా అప్పుడే స్పీకర్లు గరగరలాడాయి. "ప్రయాణికులకు మనవి. శాటిలైట్ లోపం వల్ల ఓడలో ఇంటర్నెట్ సేవలు రేవు చేరేవరకూ నిలిపివేయడమైనది."

డెక్ అంతా ఉసూరుమంది. గండుచీమకి మాత్రం కాళ్ళ కింద ఓడ కుంగినట్టయింది. లోపమా, పాడా! ఇంజనీరు చచ్చాక నెట్‌వర్క్ గది తాళం ఎవడి చేతికి పోయిందో వాడే తీగ పీకేశాడు. అంటే ఆఫీసర్లలో ముఠా మనిషి ఉన్నాడు. ఎవరో తెలీదు. కెప్టెన్ దగ్గరికెళ్ళి రేడియో అడగొచ్చు. తను అడిగిన మనిషే వాళ్ళవాడైతే చెల్లెలితో పాటు తనూ పోతాడు, కబురూ పోతుంది.

చేతి గడియారం మీట నొక్కాడు. టెక్నికల్ విభాగం వాళ్ళు ఎంతో గర్వంగా ఇచ్చిన గడియారం. భూమ్మీద ఏ మూల నుంచైనా రహస్య సందేశం పంపుతుందని చెప్పారు. చిన్న తెర వెలిగింది: "దయచేసి వైఫైకి కనెక్ట్ చేయండి."

వాళ్ళ పెద్దల్ని కూడా కలుపుకుని తిట్టుకున్నాడు గండుచీమ.

సిబ్బంది కోసం కింది అంతస్తులో వేరే లైను ఉంటుందని విన్నాడు. లాండ్రీ గదిలో దూరి, ఇస్త్రీ చేసి పెట్టిన, గదులు సర్దే స్టీవార్డు యూనిఫాం ఒకటి తగిలించుకున్నాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. తువ్వాళ్ళ బండి తోసుకుంటూ సిబ్బంది భోజనశాలకి వెళ్ళాడు. అక్కడ వంటవాళ్ళు, క్లీనర్లు అందరూ ఫోన్లు పైకెత్తి, వానకోసం చూసినట్టు కప్పు వంక చూస్తున్నారు.

"ఇక్కడా లేదా?" అని అడిగాడు.

"ఎక్కడా లేదన్నా," అన్నాడు గిన్నెలు తోమే మనిషి. "మా ఆవిడకి ఇవాళ ఆపరేషన్. ఎలా ఉందో తెలీదు." 

గండుచీమ అతని భుజం మీద చెయ్యి వేశాడు.  

మళ్ళీ లాండ్రీకి వచ్చి దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డాడు. గుండ్రటి కిటికీలోంచి సూర్యుడు కనిపిస్తున్నాడు. నీళ్ళకి జానెడెత్తున ఉన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తుపాకి గొట్టాల ముందు నిలబడ్డాడు, కదిలే రైల్లోంచి దూకాడు. ఎప్పుడూ ఇలా చేతకాని వాడినని అనిపించలేదు. మూతికి దుప్పటి అడ్డం పెట్టుకుని ఒక్కసారి గట్టిగా అరిచాడు.

"అరిస్తే సిగ్నల్ వస్తుందా?"

గుమ్మంలో ఓడలో పాటలు పాడే గాయని నిలబడి ఉంది. నెమలి రంగు గౌను, మెడలో ముత్యాలు. ఆమె పళ్ళ డాక్టరు మనిషి. ఏడాదిగా తమకి కూడా సమాచారం ఇస్తోంది. ఆమె నిజంగా ఎవరివైపో డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ తేల్చుకోలేదు.

గండుచీమ చెయ్యి నడుము దగ్గరి పిస్టల్ మీదికి పోయింది.

"కాలుస్తావా? కాల్చు. కానీ మా డాక్టరు సూట్ గది బాల్కనీ మీద సొంత శాటిలైట్ డిష్ ఉంది. దాని పాస్‌వర్డ్ నేను తప్ప నీకు చెప్పేవాళ్ళు లేరు."

"నిన్ను నమ్మమంటావా?"

"నమ్మొద్దు. నన్ను నేనే నమ్మను." ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు చెదిరిపోయింది. "కౌంటర్‌లో కుర్చీ మీద కూర్చునేవాడే, ఆ ఇంజనీరు... రోజూ నా పాట అయ్యేదాకా హాల్లో వెనక నిలబడి వినేవాడు. వాణ్ణి చంపుతారని నాకు తెలీదు. ఒట్టు. వస్తావా, రావా?"

వెళ్ళాడు. వేరే దారేది?

పై అంతస్తులో, కారిడార్ చివర సూట్. ఆమె కార్డుతో తలుపు తెరుచుకుంది. లోపల మెత్తటి తివాచీ, పళ్ళ డాక్టరు సెంటు వాసన. ఆమె అతని ఫోను లాక్కుని పాస్‌వర్డ్ కొట్టి చేతిలో పెట్టింది. "వాడు బార్‌లో ఉన్నాడు. నేను ఆపగలిగినంతసేపు ఆపుతాను." అంటూ బయటికెళ్ళింది. తలుపు బయట నుంచి లాక్ పడ్డ చప్పుడు వినిపించింది.

గండుచీమ వెళ్ళి పిడి తిప్పాడు. కదల్లేదు. బోనులో పడ్డ ఎలక గతి పట్టిందా తనకి? ఆలోచించే టైము లేదు. ఫోను చూశాడు. కనెక్టెడ్. కానీ సిగ్నల్ సున్నా.

బాల్కనీలోకి పరుగెత్తాడు. ఓడ రేవు వైపు మలుపు తిరగడంతో డిష్ మొహం గోడకేసి ఉంది. స్టాండ్ మరలు బిగుసుకుపోయాయి. కాలితో తన్ని స్టాండ్ విరగ్గొట్టి, ఆ పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి, చంటిపిల్లని భుజాన వేసుకున్నట్టు వేసుకుని, ఆకాశం వైపు అటూ ఇటూ తిప్పాడు. ఉప్పుగాలి కళ్ళలో కొడుతోంది. ఒక్క గీత వచ్చింది. కదిలితే పోతోంది. ఊపిరి బిగబట్టి, ఒంటి చేత్తో చెల్లెలి నంబరు కొట్టి కాల్ చేశాడు. రింగవక ముందే తెగిపోయింది. మాటకి చాలని సిగ్నల్. మెసేజే గతి.

"మేనత్త మందులు వాడొద్దు. ప్రమాదం." పంపాడు. వెళ్ళింది.

జవాబు వచ్చింది: "రాంగ్ నంబర్."

గండుచీమ నంబరు మళ్ళీ చూశాడు. చెల్లెలిదే. కానీ తన చేతిలోది వ్యాపారి వేషం కోసం ఇచ్చిన ఫోను. ఈ నంబరు చెల్లెలికి తెలీదు. తెలియకూడదని రూలు!

"నేను గండుచీమని. ఎమర్జెన్సీ కోడ్: పాత వంతెన కూలింది." పంపాడు.

కాసేపు ఏమీ రాలేదు. సూర్యుడు నీళ్ళని తాకాడు. తర్వాత: "కోడ్‌లు ఎవడైనా దొంగిలించొచ్చు. ఈ నంబర్ నాకు తెలీదు. ఇంకోసారి పెడితే బ్లాక్ చేస్తాను."

భేష్. శిక్షణలో తనే నేర్పాడు. తెలియని నంబరు నుంచి బ్రహ్మదేవుడే మెసేజ్ పెట్టినా నమ్మకు అని తనే చెప్పాడు. చెల్లెలు అక్షరం పొల్లు పోకుండా పాటిస్తోంది.

కారిడార్‌లో గాయని గొంతు వినిపించింది. గట్టిగా నవ్వుతూ, "అబ్బ, మీ కార్డు పడేసుకున్నాను, ఉండండి డాక్టరుగారూ, కిందికెళ్ళి తెద్దాం!" అంటోంది. మగగొంతు ఏదో గసిరింది. చెంప ఛెళ్ళుమంది. ఆ వెంటనే తుపాకి పేలింది.

ఒక్క మెసేజ్‌కి టైముంది. ముఠా దొంగిలించలేనిది, ఏ ఫైల్లోనూ లేనిది, ఏ శిక్షణలోనూ ఎవరూ నేర్పనిది ఒకటి కావాలి. గండుచీమ వేళ్ళు తమంతట తామే కదిలాయి.

"ఒసేయ్ బుడంకాయ్! తలుపు తియ్యకే! వాడు డాక్టరు కాదు!"

పొట్టిగా, గుండ్రంగా ఉండే చెల్లెల్ని చిన్నప్పుడు తల్లి పిలిచిన పిలుపు. తల్లి పోయాక ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు.

మెసేజ్ పక్కన ఒకే టిక్కు. చేరలేదు. డిష్ ఇంకాస్త ఎత్తాడు. భుజం పట్టు తప్పింది. "వెళ్ళవే తల్లీ, వెళ్ళు..." అంటూ గొణుగుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండో టిక్కు పడింది.

లాక్ పగిలి తలుపు తెరుచుకుంది. పళ్ళ డాక్టరు పిస్టల్ పట్టుకుని లోపలికొచ్చాడు. బాల్కనీలో డిష్ మోస్తూ, గుండీ పట్టని యూనిఫాంలో నిలబడ్డ మనిషిని చూసి తల పంకించాడు.

"ఇంత కష్టపడ్డావు పాపం. ఆలస్యమైంది." తన శాటిలైట్ ఫోను ఎత్తి చూపించాడు. రేవులోని వాడి మనిషి పెట్టిన మెసేజ్: "కోడ్ చెప్పాను. తలుపు తీస్తోంది."

 గండుచీమ భుజం మీంచి డిష్ జారి కింద పడింది. చివరి క్షణంలో ఆ మెసేజ్ చదివిందా? చదివే తీసిందా? చదవకుండానే తీసిందా?

డాక్టరు ఫోను మోగింది. రేవులోని తన మనిషి నంబరే. వాడు చిరునవ్వుతో స్పీకర్ ఆన్ చేశాడు. గరగర మధ్య ఒక ఆడగొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"మేనత్తగారికి... చెప్పండి. మందులు తెచ్చినాయన గుమ్మంలోనే... పడుకున్నాడు. లేచాక మాట్లాడిస్తాను."

డాక్టరు మొహంలో నవ్వు గడ్డకట్టింది. ఆ ఒక్క క్షణం చాలు. గండుచీమ దూకబోయాడు. అంతకంటే ముందే డాక్టరు వెనక ఏదో ఎర్రగా లేచింది. గోడకి తగిలించి ఉండే మంటలార్పే సిలిండరు. దాన్ని ఒంటి చేత్తో ఎత్తి వాడి నెత్తిన దించింది గాయని. రెండో చేతి మోచెయ్యి నెత్తురు ముద్దగా వేలాడుతోంది.

డాక్టరు తివాచీ మీద బోర్లా పడ్డాడు. ఆమె గోడకి ఆనుకుని మెల్లగా జారి కూర్చుంది.

"వాడు లోపలికి రాకుండా తలుపు బయట నుంచి వేస్తే, నిన్ను బోనులో పెట్టానని తిట్టుకున్నావా?" అని అడిగింది.

"తిట్టుకున్నాను," అన్నాడు గండుచీమ, తువ్వాలు చింపి ఆమె చేతికి కట్టు కడుతూ.

"బాగా తిట్టుకున్నావా?"

"కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకో. మాట్లాడకు."   ఆమె మెలకువగానే ఉంది. రేవులో అంబులెన్సు ఎక్కించేదాకా అతని వేలు వదల్లేదు.

ఓడ ఆగకముందే డిపార్ట్‌మెంట్ వాళ్ళు పడవల్లో వచ్చి ఎక్కారు. నెట్‌వర్క్ గది తాళం జేబులో ఉన్న ఆఫీసరు దొరికిపోయాడు. ఇంటర్నెట్ తిరిగొచ్చింది. డెక్ మీద పెద్దావిడ మనవరాలి మొహం మొత్తం కనిపించిందని అందరికీ చూపిస్తోంది. గిన్నెలు తోమే మనిషి గోడవారగా కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు.

గండుచీమ ఫోను మోగింది. డిపార్ట్‌మెంట్ పెద్దాయన.

"శాస్త్రవేత్త క్షేమం. మీ చెల్లెలు క్షేమం. శభాష్. కానీ ఒక్క విషయం అర్థం కాలేదయ్యా. ఆ బుడంకాయ అనే కోడ్ మన రికార్డుల్లో ఎక్కడా లేదు. ఎవరు మంజూరు చేశారు?"

"మా అమ్మండి."

అవతల పెద్దాయన ఏదో రాసుకున్నాడు. "బలమైన కోడ్. డిపార్ట్‌మెంట్ మొత్తానికి వాడుకలోకి తెద్దామా?"

"వద్దు సార్," అన్నాడు గండుచీమ. "అందరూ ఆ పేరు వాడితే ఈసారి మా చెల్లెలు తలుపు తీసి వచ్చి మరీ నన్ను కొడుతుంది."