బావి వెనక ఫెర్న్ పొదలు

పాతపట్నం పొలిమేరలో జేమ్స్ బైకు జారింది. దెబ్బలేమీ తగల్లేదు కానీ, పెళ్ళిచూపుల కోసం వాళ్ళమ్మ దేవమణి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా బురదలో మునిగి తేలింది.

చూపులు సాయంత్రం నాలుగింటికి. అమ్మా, నాన్నా విజయనగరం నుంచి కారులో వస్తారు. వానలో బండి నడపడం సరదా కనుక అతనొక్కడూ పొద్దున్నే బయలుదేరాడు. ఆ అవతారంతో వీధి గుమ్మంలోకి వెళ్ళలేక, పెళ్ళికూతురి తండ్రి జ్ఞానానందం మేష్టారి ఇంటి వెనక గేటు తీసుకుని బావి దగ్గరకు వెళ్ళాడు, గుట్టుగా కడుక్కుందామని.

"ఏటయ్యా, ఇదేనా రావడం?"

ఫొటోలో చూసిన షాలినే. చున్నీ నడుముకి బిగించి, చేతిలో కొడవలితో నిలబడింది.

"తొమ్మిదికల్లా కూలి మనిషిని పంపుతానని మేస్త్రి గున్నమ్మ సెప్పింది. పదిన్నరైపోనాది. ఇదిగో, పట్టుకో."

జేమ్స్ నోరు తెరిచేలోపు కొడవలి చేతిలోకి వచ్చేసింది. ఒక్క ఐదు నిమిషాలాగి నిజం చెప్పేద్దామనుకున్నాడు.

బావి వెనక పది సెంట్ల జాగా. షాలిని విజయనగరం హాస్టల్లో ఉండి బోటనీ చదివినన్నాళ్ళూ దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. బావి ఊటకి ఫెర్న్ మొక్కలు నడుమెత్తు పెరిగి, నేల కనబడకుండా కమ్మేశాయి.

"పైపైన కొయ్యకు. మొదలుండిపోతే మళ్ళీ వచ్చేస్తాది. గట్టిగా పట్టుకుని లాగాల."

జేమ్స్ లాగాడు. ఆకులు చేతికొచ్చాయి, మనిషి వెల్లకిలా పడ్డాడు.

షాలిని పకపకా నవ్వింది. "గున్నమ్మకి ఎక్కడ దొరికావయ్యా నువ్వు!"

ఆ నవ్వుతో ఐదు నిమిషాలు కాస్తా గంటన్నరయ్యాయి.

"ఇదంతా బాగుసేసి ఏటి సేస్తారండి?" అడిగాడు.

"నర్సరీ పెడతాను. నెలాఖరుకి జాగా బాగవ్వకపోతే ఇటుకలోళ్ళకి అద్దెకిచ్చేస్తానన్నారు నాన్నగారు. మధ్యలో సాయంత్రం ఈ పెళ్ళిచూపులొకటి."

జేమ్స్ చేతులు ఆగాయి. "అబ్బాయి ఎలాగుంటాడేటి?"

"ఫొటో సూడలేదు. బ్యాంకు ఉద్యోగమట. విజయనగరంలో మూడో అంతస్తులో అద్దిల్లట. అక్కడ నేనేటి పెంచాల, మనీప్లాంటా? అందుకే వద్దనేస్తాను."

"మొహమైనా సూడకుండానా?"

"సూస్తే జాలేస్తాది."

ఇంతలో వాన దబదబా మొదలైంది. ఇద్దరూ వంటింటి చూరు కిందకు పరిగెత్తారు. షాలిని లోపలికెళ్ళి టీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ అతని అరచేతుల్లో బొబ్బలు చూసి ఉలిక్కిపడింది.

"ఇవి కొడవలి పట్టిన సేతులు కావే! ఎవరు నువ్వు?"

జేమ్స్ తల దించుకున్నాడు. "ఆ మూడో అంతస్తు అబ్బాయినండి."

షాలిని మొహం ఎర్రబడింది. "మరి ముందే ఎందుకు సెప్పలేదు? నా మనసులో మాటంతా లాగుదామనా?"

"కాదండి. సెప్తే ముందుగదిలో కూర్చోమంటారు. నాకు ఇక్కడే బాగున్నాది."

తలుపు ధడాలున మూసుకుంది.

జేమ్స్ కాసేపు ఆ తలుపు వంకే చూశాడు. వెళ్ళిపోవడానికి మనసొప్పలేదు. వానలోనే మళ్ళీ పొదల్లోకి దిగాడు. గున్నమ్మ పంపుతానన్న మనిషి ఆ రోజు రానేలేదు. ఒంటిగంటన్నరకి వంటింటి కిటికీ తెరుచుకుంది. గట్టు మీదకు ఒక అన్నం పళ్ళెం వచ్చింది. కిటికీ మళ్ళీ మూసుకుంది.

నాలుగింటికి కారు వచ్చింది. పెరట్లోకి వచ్చిన దేవమణి గుండెలు బాదుకుంది. "ఒరే జేమ్సూ! ఏట్రా ఈ ఏషం!"

వెనకే గొడుగు వేసుకొచ్చిన మేష్టారు సగానికి పైగా బాగుపడిన జాగాని చూసి తెల్లబోయారు. "ఇదంతా నువ్వే సేసావా బాబూ?"

"మీ అమ్మాయిగారు నేర్పించారండి" అని, గుమ్మంలో నిలబడ్డ షాలిని వైపు తిరిగాడు జేమ్స్.

"ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న టెక్కలి బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అడుగుతానండి. ఇస్తారో లేదో తెలీదు. ఇవ్వకపోతే వారం వారం నేనే వస్తాను. నన్ను వద్దనుకున్నా సరే, ఈ జాగా మాత్రం వదులుకోకండి."



"ఏటంటావమ్మా?" అడిగారు మేష్టారు.

షాలిని ఇంకా మిగిలిన పొదల్ని చూసింది. తడిసి ముద్దయిన జేమ్స్‌ని చూసింది.

"రేపు ఆదివారం, చర్చికెళ్ళాల. సోమవారం మీకు సెలవు దొరుకుతాదా?"

"దొరుకుతాదండి!" బ్యాంకు మేనేజరు మొహం గుర్తుకొచ్చినా జేమ్స్ గొంతు తడబడలేదు.

దేవమణికి ఏమీ అర్థం కాలేదు. మేష్టారికి అర్థమైంది. "ఇటుకలోళ్ళకి వద్దని సెప్పేస్తానులే" అంటూ చూరు కిందకొచ్చి గొడుగు మూశారు. "రండి, అందరం ప్రార్థన సేసుకుందాం."

చూరు కింద అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. మేష్టారు దేవుడికి కృతజ్ఞతలు చెబుతుండగా షాలిని మెల్లగా ఒక కన్ను తెరిచింది.

జేమ్స్ అప్పటికే రెండు కళ్ళూ తెరుచుకుని ఆమెనే చూస్తున్నాడు.