ఒక్క ప్యాకెట్టూ రాలని రిపోర్టు

"ఫిల్టర్ కాఫీ. డికాషన్ మీద నురగ ఉండకూడదు," అన్నాడు మునీంద్ర.

"నురగ లేకపోతే ఈ ఊళ్లో కాఫీ అనరు," అన్నాడు పక్కన నిలబడి ఇడ్లీ తింటున్న పెద్దమనిషి.

కోడ్ కలిసింది. సర్జాపుర రోడ్డు మీది ఆ దర్శిని హోటల్లో, మాసిన గళ్ళ చొక్కాతో రిటైర్డు గుమాస్తాలా కనిపిస్తున్న ఆ మనిషి గూఢచారి శాఖ చీఫ్ భుజంగరావు.

"శత్రువుల మధ్య ఉన్న మన మోహన్‌కుమార్ కవర్ బయటపడింది," సాంబారులోంచి చూపు ఎత్తకుండానే అన్నాడు చీఫ్. "ఈ మధ్యాహ్నం పడవలో తప్పించుకొస్తున్నాడు. పడవ లొకేషన్ సిగ్నల్ మన బొమ్మసంద్ర రిలే స్టేషన్‌కి వస్తుంది. అక్కడి నుంచి ఎవరో శత్రువులకు లీక్ చేయబోతున్నారు. అది జరిగితే పడవ తీరం చేరదు."

మునీంద్ర కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మోహన్‌కుమార్ అతనితో కలిసి శిక్షణ పొందినవాడు, ఒకే కంచంలో తిన్నవాడు.

"లోపల మన నళిని ఉండాది గదా సార్?"

"అందుకే నిన్ను పంపుతున్నా. ఏసీ మెకానిక్‌గా వెళ్ళు. ఆమె హెల్ప్ తీసుకో."

బొమ్మసంద్రలోని ఆ షెడ్డు పైకి రూటర్లు పరీక్షించే ల్యాబ్, లోపల శాఖవారి రహస్య రిలే. సిగ్నల్ వచ్చే లైన్ వేరు, బయటికి పోయే లైన్ వేరు. పోయే లైన్ మీద రోజంతా ట్రాఫిక్ జనరేటర్ నడుస్తుంటుంది. కొత్త వంతెన మీద ఇసుక లారీలు తోలి ఎంత బరువు ఆపుతుందో చూసినట్టు, ఆ సాఫ్ట్‌వేర్ ఉత్తుత్తి డేటా ప్యాకెట్లను లక్షలకొద్దీ పుట్టించి లైన్ మీదికి తోలుతుంది. ఎన్ని గమ్యం చేరాయో, ఎన్ని దారిలో రాలిపోయాయో లెక్క చెబుతుంది.

నళిని నెమలికంఠం రంగు చీరలో ఎదురొచ్చింది. ఆ షెడ్డుకు ఆ చీర ఎక్కువే.

"ఏమప్పా మెకానిక్కూ, మా ఏసీ మీద ఇప్పటికి దయ కలిగిందా?"

"ఏసీ మీద ఎవరికప్పా దయ? అమ్మణ్ణి మీద."

"సాలు సాలు, కెమెరా చూస్తాండాది."

పోయిన నెల యలహంకలో మునీంద్ర దొడ్డమ్మ ఒబ్బట్లు వడ్డిస్తే, ఇంకోటి ఇంకోటి అని అడిగి తిని, ఆమెను 'అత్తా' అని పిలిచింది ఈ నోరే. శ్రావణంలో లగ్నం పెట్టుకుందామనుకున్నారు.

నళిని స్క్రీన్ తిప్పి చూపించింది. "పొద్దుటి నుంచి ఫుల్ లోడ్ టెస్టు. ఒక్క ప్యాకెట్టూ రాలలా. లీకూ లేదు, దొంగా లేడు. నువ్వు నిమ్మళంగా ఉండు."

మునీంద్ర పెదాల మీదికొచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ లైన్‌ను నడిపే స్విచ్ ముసలిది. ఫుల్ లోడ్ పెడితే కొన్నైనా రాల్చి తీరుతుంది. ఆ మాట చెప్పి పగలబడి నవ్వింది కూడా నళినే. ఒక్కటీ రాలలేదంటే లోడ్ ఫుల్లుగా లేదు. ఉత్తుత్తి లారీల మధ్య కావాలనే సందు వదిలింది. ఆ సందులో పడవ జాడ మోసుకుని దొంగ లారీ ఒకటి పోబోతోంది. పైవాళ్ళకు చూపే రిపోర్టు మచ్చ లేకుండా ఉండాలనే టెస్టర్ల అలవాటు ఆమెను పట్టిచ్చింది.

మునీంద్ర ఏమీ ఎరగనట్టు, "ఏసీ సూస్తా," అని ర్యాక్ వెనక్కి నడిచాడు. స్క్రూడ్రైవర్ పిడి విప్పాడు. పిడిలో పెన్‌డ్రైవ్, అందులో అతని సొంత ట్రాఫిక్ జనరేటర్.

"మునీ, చేతులు కనపడనీ."

నళిని చేతిలో పిస్టల్ ఉంది.

"ఎప్పటినుంచి నళినీ?"

"మొదటినుంచీ నేను వాళ్ళ మనిషినే. మధ్యలో వచ్చింది నువ్వు."

"మరి దొడ్డమ్మను అత్తా అనింది?"

"అది డ్యూటీ." పిస్టల్ దించలేదు. "ఒబ్బట్లు మాత్రం నిజంగానే బాగుండినాయి."

స్క్రీన్ మీద ఆకుపచ్చ చుక్క వెలిగింది. మోహన్‌కుమార్ పడవ కదిలింది. చుక్క కింద 'సెండింగ్' అన్న అక్షరాలు మొదలయ్యాయి.

మునీంద్ర ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో వీపు వెనక పెన్‌డ్రైవ్‌ను పోర్టులోకి నెట్టాడు. లక్షల ప్యాకెట్లు ఒక్కసారిగా లైన్ మీద విరుచుకుపడ్డాయి. సందు మూసుకుపోయింది. 'సెండింగ్' కాస్తా 'డ్రాప్డ్' అయింది. మళ్ళీ డ్రాప్డ్. మళ్ళీ.

నళిని చూపు స్క్రీన్ మీదికి మళ్ళింది. ఆ రెప్పపాటులో అతను తనతో తెచ్చిన ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వు తిప్పాడు. మంచులాంటి గ్యాస్ ఆమె ముఖానికి కొట్టింది. తూటా పైకప్పు రేకులో దిగింది. పిస్టల్ నేల మీద జారింది. ఏసీ పైపులకు చుట్టే టేపుతోనే అతను ఆమె చేతులు కట్టాడు. గట్టిగా కట్టాలో వదులుగా కట్టాలో తెలియక ఒకసారి విప్పి మళ్ళీ కట్టాడు.

పొద్దు వాలేలోగా చీఫ్ ఫోన్ చేశాడు. "వెల్‌డన్! మోహన్‌కుమార్ సేఫ్‌గా దిగాడు. నీకు వేరే పార్ట్‌నర్‌ను ఇస్తాను. ఎలాంటివాళ్ళు కావాలో చెప్పు."

నళినిని ఎక్కించుకున్న జీపు గేటు దాటుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"నన్ను చూస్తే ఒళ్ళు మండేవాళ్ళను ఇయ్యండి సార్," అన్నాడు మునీంద్ర. "కనీసం ఆ మంటయినా నిజంగా ఉంటాది."