సెల్లార్‌లోకి దిగిన విజిటర్

పుప్పాలగూడలో మా గుడికి, అంటే చర్చికి, ఎదురుగా ఉన్న టవర్‌లో రెండో సెల్లార్ అంటే అందరికీ హడలే. చీకటి పడితే కార్లు పైనే వదిలేస్తారు. పొద్దున చూస్తే పదమూడో స్తంభం కింద కరిగిన మైనం... వెలిగించింది ఎవరో తెలియదు. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు చెప్పకుండా పారిపోయారు.

నాకు మాత్రం ఆ చోటు తెలుసు. రాళ్లు కొట్టే పనికి వచ్చినవాళ్ల కోసం కాలం చేసిన మా తాత, జపాలు నేర్పే ఉపదేశి ఇన్నయ్య, తాటాకు గుడి వేసింది అక్కడే. అర్చ్యశిష్ట అంతోనివారి, అదే సెయింట్ ఆంథోనీ, స్వరూపాన్ని ఎడ్లబండి మీద తెచ్చి నిలిపిందీ అక్కడే. రాతిగుడి కట్టాకే రోడ్డుకు ఇవతలికి వచ్చాం.

మూడోవాడు మొగిలి. డ్యూటీలో నిద్రపోయి అప్పటికే రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. "ఇది గూడ పోతే ఇంటికి రాకు" అనేసింది పెళ్లాం ఈరమ్మ. ఇక దెయ్యమొచ్చినా కదిలేది లేదు. మా వసారాలో కూర్చుని అతను చెప్పినదే చెబుతున్నాను.

అంతోనివారి పండుగకు ముందురాత్రి. కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు... అడుగుల చప్పుడు. చెప్పుల్లేని అడుగులు.

గేటు ముందు ఒక మనిషి — పొడుగాటి గోధుమరంగు అంగీ, నడుముకు తాడు, నడినెత్తిన గుండు. చంకలో... పసిబిడ్డ!

మొగిలి పరుగందుకోబోయాడు. ఈరమ్మ గుర్తొచ్చింది. ఆగి, రిజిస్టర్ ముందుకు తోశాడు.

"ఎవలైనా గని... పేరు రాయాలె."

ఆ మనిషి రాశాడు.

"సార్... జర బిడ్డది గూడ."

నవ్వి, అదీ రాశాడట. ర్యాంపు దిగి చీకట్లో కలిసిపోయాడు.

తెల్లారి సూపర్‌వైజర్ వెంకటనారాయణగారు చదివారు. పేరు: అంతోని. ఊరు: పదువా. కలవాల్సింది: ఇన్నయ్య. వెంట ఉన్నవారు: బాలయేసు. పదువా అంటే మా అంతోనివారి ఊరే.

ఆయన రిజిస్టర్ చంకన పెట్టుకుని, మొగిలిని వెంటేసుకుని మా ఇంటికొచ్చేశారు. పండుగ నాటకంలో ఏటా బాలయేసును ఎత్తుకుని కనిపించే అంతోనివారి వేషం మా పెద్దన్న చౌరయ్యదే మరి.

"ఏమండీ, మా వాణ్ని బెదిరించింది మీరేగా?"

అన్న తల దించుకున్నాడు. "మైనం నాదే సార్. వెనక గోడ దూకి మా తాత చోట కొవ్వొత్తి పెట్టొస్త. గేటు కాడికి ఎన్నడు పోలే. ఇగ రాసుడంటరా... నాకు రాసుడొస్తే గద!"

నిజమే. నాటకం మాటలన్నీ నేను చదివి వినిపిస్తేనే అన్న నేర్చుకుంటాడు. సంతకానికి వేలిముద్రే.

వెంకటనారాయణగారు మళ్లీ రిజిస్టర్ తెరిచారు.

"మొగిలీ... అవుట్ టైం రాయించలేదేం?" గొంతు తగ్గించి అడిగారు.

"ఆయన బయటికి రాలే సార్."

"పొద్దుటిదాకా కాశావా?"

"కన్ను మూయలే సార్."

వెంకటనారాయణగారు రిజిస్టర్ మూసి మొగిలి చేతిలో పెట్టారు. "అయితే... ఆయన బయటికొచ్చి సంతకం పెట్టేదాకా నువ్వు ఆ గేటు వదలకూడదు. తెలిసిందా?"

మూడేళ్లయింది. ఆ అవుట్ టైం గడి ఇంకా ఖాళీయే. అంతోనివారికి మొక్కే రోజని ప్రతి మంగళవారం ఈరమ్మ సెల్లార్‌లోకి దిగి, కొవ్వొత్తి వెలిగించి, చెంగు తల మీదికి లాక్కుని గుసగుసగా మొక్కుకుంటుంది —

"అయ్యా, నీకు పుణ్యముంటది... ఇప్పుడే పోకు."