ప్లాన్‌లో ఇరవై నిమిషాల ఖాళీ

"పార్కింగ్ నుంచి రన్‌వే కంచె దాకా మూడు కిలోమీటర్లు నడవాలా?"

ఆ అమ్మాయెవరో అప్పటికి నాకు తెలియదు. బస్సు డిపో క్యాంటీన్‌లో, విమానాల ఫోటోలు తీసే మా క్లబ్బు మీటింగ్ జరుగుతుంటే తలుపు తోసుకొచ్చి, కోటైనా విప్పకుండా, నేను మూడు వారాలు కూర్చుని వేసిన ప్లాన్ మీద వేలు పెట్టింది.

"నడవాల్సిందే. సూర్యుడు మన వీపు వెనక ఉండాలంటే అక్కడే నిలబడాలి. లేకపోతే ఫోటోలో విమానం బదులు నల్లమచ్చ వస్తుంది."

"మా తాతయ్య మోకాళ్ళు సూర్యుణ్ణి చూసి నడవవండీ."

క్యాంటీనంతా నవ్వింది. తాతయ్యంటే మా లుద్విక్ గారు. దెంబ్లిన్ ఫ్లయింగ్ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇస్క్రా అనే శిక్షణ విమానాలకి మెకానిక్‌గా చేశారు. ఈమె ఆయన మనవరాలు యగోదా, ఫిజియోథెరపిస్టు. రోజంతా పద్నాలుగు మంది మోకాళ్ళు వంచి, ఇంటికెళ్ళి పదిహేనో జత వంచుతుందట.

నా పేరు తిమోన్. లుబ్లిన్ నగరంలో ట్రాలీబస్సు, అంటే పైన తీగల కరెంటుతో వెళ్ళే బస్సు, నడుపుతాను. తెల్లారకముందే డ్యూటీ. తొమ్మిదేళ్ళుగా నిమిషాల పట్టికతో బతికి బతికి నాకు మరోలా ఆలోచించడం రాదు. క్లబ్బు ప్రయాణాలకీ అలాగే ప్లాన్ వేస్తాను. ఈసారి ట్రిప్పుకి ఇంకా రెండు నెలల పైనే ఉంది: శనివారం రాదోమ్‌లో ఎయిర్‌షో. ఆదివారం పొద్దున దారిలో ఓ చిన్న ఫిరంగుల మ్యూజియం, మధ్యాహ్నం దెంబ్లిన్‌లో వైమానిక దళం మ్యూజియం. భోజనానికి పదిహేను నిమిషాలు, టాయిలెట్‌కి నాలుగు.

"నాలుగే? స్టాపువాచ్ కూడా మీరే పట్టుకుంటారా?" అంది యగోదా.

ఆ రోజు నుంచి ప్రతి గురువారం ఆమె ఎర్ర పెన్సిల్‌తో వచ్చేది. నేను గీసింది ఆమె కొట్టేసేది. ఆమె కొట్టేసింది నేను మళ్ళీ రాసేవాణ్ణి. ఇద్దరం అలసిపోయి ఉండేవాళ్ళం. పోట్లాడటానికీ ఓపిక చాలక మధ్యలో ఆగి టీ తాగేవాళ్ళం. ఓ గురువారం ఆమె మాట మధ్యలోనే ప్లాన్ మీద చెంప ఆనించి నిద్రపోయింది. ఆ కాగితం లాగితే లేస్తుందేమోనని నలభై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. లేచాక చూస్తే చెంప మీద ఎర్రగీత అంటుకుని ఉంది. నా పని అయిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

"గ్దీనియాలో ఉద్యోగం ఇస్తామన్నారు," అంది ఆ పూటే, కళ్ళు నులుముకుంటూ. "సముద్రం పక్కన. తాతయ్యనీ తీసుకెళ్తాను. మన ట్రిప్పు అయిన మర్నాడు, సోమవారం, వాళ్ళకి జవాబు చెప్పాలి."

"వెళ్తారా?"

"ఇక్కడ ఉండమని ఎవరూ అనలేదుగా."

ఇంత కన్నా మంచి అవకాశం ఎవరికి దొరుకుతుంది? నేనేమన్నానో తెలుసా? "ఫిరంగుల మ్యూజియంలో బెంచీలున్నాయి. కనుక్కున్నాను," అన్నాను.

ఇంటికెళ్ళి నన్ను నేను తిట్టుకుని, ప్లాన్ తొమ్మిదోసారి రాశాను. ఆదివారం పదిహేను నలభై నుంచి పదహారు దాకా, అంటే మధ్యాహ్నం మూడు నలభై నుంచి నాలుగు దాకా, ఏమీ రాయలేదు. దెంబ్లిన్ మ్యూజియంలో నిలిపి ఉంచిన లుద్విక్ గారి ఇస్క్రా పక్కన, ఆమెతో చెప్పేయాలి. నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను.

ట్రిప్పు రోజు బస్సులో ప్లాన్ చూసి క్లబ్బు క్లబ్బంతా నా మీద పడింది.

"తిమోన్, ప్రింటర్ పాడైందా?"

"ఒంట్లో బాగుందా నాయనా? ఇరవై నిమిషాలు ఖాళీయా?"

"టాయిలెట్ టైములో కలిపేసుకోండి," అన్నాను. యగోదా మాత్రం నవ్వలేదు. కాగితం వంకా నా వంకా మార్చి మార్చి చూసింది.

శనివారం రాదోమ్‌లో పొద్దున్నుంచీ వాన. సూర్యుడి కోసం వేసిన తొమ్మిది ప్లాన్లూ తడిసి ముద్దయ్యాయి. వీపు వెనకా లేడు, ముందూ లేడు. లుద్విక్ గారు మాత్రం గేటు పక్కనే మడతకుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, చప్పుడు విని ఏ విమానమో చెబుతూ ఉప్పు దోసకాయలు నమిలారు. అందరిలోకీ సుఖపడింది ఆయనొక్కరే.

ఆదివారం దెంబ్లిన్ చేరేసరికి ఎండొచ్చింది గానీ నాలో నిలబడే శక్తి లేదు. లుద్విక్ గారు ఇస్క్రా ముక్కు మీద చెయ్యి వేసి దాంతో ఏదో మాట్లాడుతున్నారు. పదిహేను ముప్ఫై ఎనిమిదికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను. యగోదా వచ్చి పక్కన కూలబడి బూట్లు విప్పేసింది.

"కాళ్ళు నావి కావనిపిస్తోంది."

"నావీ అంతే. రెండు నిమిషాలాగి మీతో ఒక మాట..."

ఆ తర్వాత నాకు తెలిసిందల్లా చేతికర్ర నా బూటు మీద టకటకలాడటమే. లుద్విక్ గారు. నా తల యగోదా భుజం మీద, ఆమె తల నా తల మీద, మా ఇద్దరి మీదా ఆయన రెయిన్‌కోటు. ఎదురుగా క్లబ్బంతా అర్ధచంద్రాకారంలో నిలబడి కెమెరాలు గురిపెట్టి ఉంది. సూర్యుడు సరిగ్గా వాళ్ళ వీపు వెనక.

"కదలకండి. వెలుతురు అద్భుతంగా ఉంది," అన్నారెవరో.

టైమ్ పదహారు పది.

"అయిపోయాయి!" అని అరిచాను. "నా ఇరవై నిమిషాలూ అయిపోయాయి!"

"అసలు దేనికవి?" అంది యగోదా, ఇంకా కళ్ళు పూర్తిగా తెరవకుండానే.

నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "గ్దీనియా వెళ్ళకు. నువ్వంటే నాకిష్టం. ఇక్కడే ఉండు."

కెమెరాల చప్పుడు ఆగిపోయింది.

"ఈ మాటకి పది సెకన్లు చాలు కదా. మిగతా టైమంతా ఎందుకు పెట్టావు?" అంది యగోదా.

"మోకాళ్ళు వణుకుతాయని."

ఆమె నిజంగానే నా మోకాలి మీద చెయ్యి వేసి చూసింది. అలవాటు కాబోలు. ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు.

"గ్దీనియా గాలి తడిగాలి," అన్నారు లుద్విక్ గారు. "నా మోకాళ్ళకి పడదు. నన్నొక్కరైనా అడిగారా?"

"ముందే చెప్పొచ్చుగా తాతయ్యా!"

"అతను చెప్తాడేమోనని రెండు నెలలు చూశాను. ఏవయ్యా తిమోన్, మీ ట్రాలీబస్సులు కూడా ఇంతే లేటా?"

యగోదా నా జేబులోంచి ప్లాన్ లాగి, ఎర్ర పెన్సిల్‌తో పదహారు కొట్టేసి పదిహేడు అని రాసింది. రెయిన్‌కోటు మళ్ళీ ఇద్దరి మీదికీ లాగింది.

"రేపు ఫోన్ చేసి రానని చెప్పేస్తాలే," అంది ఆవలిస్తూ. "ఇప్పుడు కాస్త జరుగు. నాకింకా నిద్ర తీరలేదు."